మార్కులెందుకు తగ్గాయంటే...

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో ఫోన్లకి ఒక ప్రత్యేకమైన గొంతు వస్తుంది. "ఏం వదినా, పాపకి ఎన్నొచ్చాయేంటి?" అనే గొంతు. అడిగేవాళ్లకి సమాధానం ముందే తెలుసు. మన నోటితో వినాలన్న సరదా, అంతే. 2024 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మా ఇంటికి అలాంటి ఫోన్లు పదకొండు వచ్చాయి. నేను ఎత్తినవి మూడే.

మా అమ్మాయి ఎంపీసీ మొదటి సంవత్సరం. 470కి 342 వచ్చాయి. పదో తరగతిలో 10కి 10 జీపీఏ తెచ్చుకున్న పిల్ల! వీధి చివర ఫ్లెక్సీలో ఫొటో కూడా పడింది. అలాంటిది, లెక్కలు ఒక పేపర్లో 75కి 52, రెండోదాంట్లో 44. ఫిజిక్సు 60కి 34, కెమిస్ట్రీ 33. ఇంగ్లీషులో 82. సంస్కృతంలో మాత్రం 97! (తెలుగులో కథలు రాసుకునే నా కూతురు సెకండ్ లాంగ్వేజీ సంస్కృతం తీసుకుంది. మార్కులు బాగా పడతాయని కాలేజీవాళ్లే అందరికీ అదే ఇచ్చారు. ఆ బాధ ఇంకోసారి చెప్పుకుంటాను.)

మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, "అయితే ఇంక ఐఐటీ, ఎన్ఐటీ మాట మర్చిపోవాల్సిందేగా" అన్నారు. మంచంమీద నుంచి మా అత్తయ్య, "పోనీలేరా, ఆడపిల్ల. ఊళ్లోనే డిగ్రీలో చేర్పిస్తే సరి" అన్నారు. పాప తలుపు వేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా కుక్కర్ కడిగాను.

అసలు 342 వస్తే ఏమవుతుంది? ఏం పోతుంది, ఏం మిగులుతుంది? గ్రాడ్యుయేట్‌నే కానీ ఈ సంగతి నాకు సరిగ్గా తెలీదు. తెలుసుకోవడానికి వారం పట్టింది. మనలో చాలామందికి తెలీకుండానే పిల్లల మీద అరుస్తున్నామన్న సంగతి కూడా ఆ వారంలోనే తెలిసింది.

ముందుగా ఆ 10కి 10 సంగతి చూద్దాం. అప్పట్లో 91 వచ్చినా ఏ వన్ గ్రేడే, 100 వచ్చినా ఏ వన్ గ్రేడే. అన్నిట్లో 91 తెచ్చుకున్న పిల్లకీ, అన్నిట్లో నూరు తెచ్చుకున్న పిల్లకీ అదే పది వచ్చేది. అంటే మా అమ్మాయి ఆకాశం నుంచి పడిందని మేము అనుకున్నాం గానీ, అది ఎంత ఎత్తులో ఉందో మాకు ఎవరూ చెప్పనే లేదు. ఆ గ్రేడ్లతో ఒక్కచోట మాత్రం నిజంగా ప్రాణం పోయేది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు. 2008లో పెట్టిన ఆ చోట్ల మామూలుగా పదో తరగతి ఫలితమే ముఖ్యం. ఆరు సబ్జెక్టుల్లో ఒక్కదాంట్లో ఒక్క మెట్టు దిగితే 10 కాస్తా 9.8 అయ్యేది. సర్కారు బడి పిల్లలకి 0.4 కలపడం అనే మంచి పద్ధతి కూడా పెట్టారు. మా జాకెట్లు కుట్టే ఆవిడ కూతురికి హిందీలో రెండు మెట్లు దిగి ఆ సీటు పోయింది. ఆ పిల్లకి అది ఆరేళ్ల చదువు. నా కూతురి 342 దాని ముందు ఏపాటి?

ఇక ఇంజినీరింగ్ ఎంట్రన్సు. మన చిన్నప్పటి ఎంసెట్ పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. మేము ఉండేది ఖమ్మం. మా ఆడపడుచు వాళ్లది విజయవాడ. మధ్యలో రెండు మూడు గంటల ప్రయాణం. ఆ ప్రయాణంలో ఇంటర్ మార్కుల విలువే మారిపోతుందంటే నమ్ముతారా? ఆంధ్రలో ర్యాంకుకి నూటికి 75 పాళ్లు ఎంట్రన్సు, 25 పాళ్లు ఇంటర్ గ్రూపు మార్కులు. కరోనా ఏళ్లలో ఆపి, 2023లో మళ్లీ తెచ్చారు. తెలంగాణలో కూడా అలాగే ఉండేది కానీ, కరోనా ఏళ్లలో పక్కన పెట్టి, 2023లో పూర్తిగా తీసేశారు. మా ఆడపడుచు కొడుకు 2024లోనే రెండో సంవత్సరం రాశాడు. వాడికి మొదటి సంవత్సరంలో గ్రూపు సబ్జెక్టుల్లో 48 మార్కులు పోయాయి.

లెక్క కట్టి చూడండి. అప్పుడు ఎంపీసీకి రెండేళ్ల గ్రూపు మార్కులు కలిపి 600. వాటికి పాతిక పాళ్లు అంటే, ప్రతి 24 మార్కులకీ ఒక పాయింటు. వాడికి పోయినవి రెండు పాయింట్లు. ఎంట్రన్సులో 160 ప్రశ్నలకి 75 పాళ్లు. అంటే రెండు పాయింట్లు సుమారు నాలుగు ప్రశ్నలకి సమానం. తప్పు రాస్తే మార్కు కోసెయ్యడం కూడా లేని పరీక్షలో నాలుగు ప్రశ్నలు! "ఓస్, ఇంతేనా" అంది మా ఆడపడుచు. ఇంతే అని కాదు. అందరూ గుంపుగా ఉన్న మార్కుల దగ్గర నాలుగు ప్రశ్నలంటే ర్యాంకు చాలా కిందికి జారుతుంది. కానీ, సంవత్సరం పాటు వాణ్ణి సినిమాకి కూడా పంపకుండా, "నీ బతుకు అయిపోయింది" అని తిట్టినంత పెద్దది మాత్రం కాదు కదా. మా అమ్మాయికి పోయినవి 107. సరిహద్దుకి అవతల ఉంటే నాలుగున్నర పాయింట్లు పోయేవి. ఇవతల ఉంది కాబట్టి అర్హతకి కావాల్సిన 45 శాతం ఉంటే చాలు, ర్యాంకులో ఏమీ పోదు!

ఇది విని మావారి ముఖం విప్పారింది. నాకు మాత్రం సంతోషం సగమే అయింది. ఎందుకంటారా? మా వీధిలోనే సర్కారు జూనియర్ కాలేజీలో చదివే పిల్లలున్నారు. వాళ్లకి తెలుగు అకాడమీ పుస్తకాలే దిక్కు. లక్ష, లక్షన్నర పోసి కోచింగు కొనలేరు. పుస్తకం మొత్తం చదివి బోర్డు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకోగలరు. ఆ పాతిక పాళ్లు వాళ్లకి ఊతకర్ర. అది తీసేస్తే, మూడు గంటల్లో టకటకా గుర్తించే పరీక్ష ఒక్కటే మిగులుతుంది. దానికి తర్ఫీదు డబ్బున్నవాళ్లకే. మా అమ్మాయికి నష్టమైనా సరే, నా ఓటు ఆ వెయిటేజీ ఉండాలనే. మావారు ఒప్పుకోరు. "నీ కూతురి తల్లిలా మాట్లాడు" అంటారు.

ఎన్ఐటీ, ఐఐటీల దగ్గర మాత్రం మార్కులు గుమ్మంలో కాపలాదారుల్లా నిలబడతాయి. 2013లో జేఈఈ మెయిన్ ర్యాంకులో 40 పాళ్లు బోర్డు మార్కులకిచ్చారు. 2017 నుంచి అది పోయింది. ఐఐటీకి 2013లో బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో ఉండాలన్నారు. మన దగ్గర మార్కులు కుండపోతగా పడతాయి కదా! ఆ ఏడాది మన బోర్డులో ఆ గీత తొంభై శాతం పైన పడింది. తర్వాత తర్వాత, 75 శాతం ఉన్నా చాలు అన్నారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65. కరోనా మూడేళ్లు సడలించి 2023లో మళ్లీ పెట్టారు. పిలానీ బిట్స్‌వాళ్లకి వాళ్ల పరీక్ష వేరే ఉన్నా, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిపి 75 శాతం, ఒక్కోదాంట్లో కనీసం 60 ఉండాలి. అంటే గుమ్మం దాటడానికి మార్కులు, లోపల కుర్చీ కోసం ర్యాంకు. ఈ రెంటికీ తేడా తెలీక, గుమ్మం దగ్గరే ఏడ్చి వెనక్కొచ్చేసే తల్లిదండ్రులం మనం.

ఇంటర్ మెమోలో రెండేళ్లూ కలిపి 1000. దాన్లో 75 శాతం 750. పాపకి 342 ఉన్నాయి. రెండో ఏడాది 530కి 408 రావాలి. కష్టమే, అసాధ్యం కాదు. పైగా మే ఆఖర్లో సప్లిమెంటరీతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు. పాసైనవాళ్లు కూడా. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే ఉంటుంది, తగ్గితే పోయేదేం లేదు. అనుమానముంటే రీకౌంటింగు, రీవెరిఫికేషను ఉన్నాయి. ఇవి వట్టి మాటలని కొట్టిపారెయ్యకండి. 2019లో తెలంగాణలో ఫలితాల్లో తప్పులు దొర్లి ఎంత గోలయిందో, ఇరవైమందికి పైగా పిల్లలు ఎలా పోయారో మనకి గుర్తుండే ఉంటుంది. బాగా చదివే పిల్లకి సున్నా పడ్డ మెమోలు పేపర్లలో చూశాం. ఫెయిలైనవాళ్లందరి పేపర్లూ డబ్బు తీసుకోకుండా మళ్లీ చూడాల్సి వచ్చింది. కాగితం మీద అంకె తప్పు కావచ్చనే మాట ఆ పిల్లలకి ఇంట్లో ఎవరైనా ఆ రాత్రి చెప్పి ఉంటే... సరే, నేనెందుకు ఆ మాట అనాలి? ఆ తల్లులకి చెప్పే అర్హత నాకు లేదు.

ఎందుకు లేదంటే, చెప్తాను.

మూడోరోజు రాత్రి అన్నాల దగ్గర మావారు పాపని, "అసలు ఎందుకు తగ్గాయో చెప్పు. ఫోనా? స్నేహితులా?" అని నిలదీశారు. అది పళ్లెంలో గీతలు గీస్తోంది తప్ప నోరు విప్పడం లేదు. అప్పుడు ఏడో తరగతి చదివే మావాడు, పెరుగు కలుపుకుంటూ, "అక్క పొద్దున్నే వంట చేసేది కదా నాన్నా. స్లిప్ టెస్టు ఉన్నరోజు కూడా" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు.

అంతకుముందు నవంబరులో మా అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. హైదరాబాదులో ఆపరేషను. అక్కడ ఆస్పత్రిలో, తర్వాత మా మరిది ఇంట్లో, మొత్తం నలభై రోజులు నేను ఆవిడ దగ్గరే ఉన్నాను. ఇక్కడ ఇల్లు ఎవరు చూశారు? నేను ఆలోచించనే లేదు. "పాప ఉందిగా" అనుకున్నాను. అది తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, అన్నం, కూర చేసి, తండ్రికీ తమ్ముడికీ బాక్సులు కట్టి, ఎనిమిదింటికల్లా కాలేజీకి పరిగెత్తేది. సాయంత్రం ఆరున్నరకి వచ్చి మళ్లీ స్టవ్ దగ్గరికి. నేను రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఏం అడిగేదాన్నో నాకు గుర్తుంది. "తమ్ముడికి పాలిచ్చావా? పప్పు నానబోశావా? నాన్న చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చావా?" ఒక్కరోజు కూడా, "లెక్కల్లో ఏ చాప్టరు నడుస్తోంది?" అని అడగలేదు. అక్కడ పడిన గ్యాపు అది మళ్లీ పూడ్చుకోలేకపోయింది. ఇంటర్ లెక్కలు అలాంటివే. ఒక్క అధ్యాయం వదిలితే తర్వాతది గ్రీకూ లాటినే.

మావారిని తప్పుపడదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఆయనకి టీ పెట్టుకోవడం కూడా రాదని పదిహేడేళ్లుగా నలుగురిలో మురిసిపోతూ చెప్పింది నేనే కదా!

ఇంకో మాట. ఇది నాకు కొత్త కథేం కాదు. 2002లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం. అమ్మకి గర్భసంచి తీసేశారు. మూడు నెలలు బరువు ఎత్తకూడదన్నారు. బిందెలు నేనెత్తాను. వంట నాది, అమ్మకి తలస్నానం నాది, వచ్చేపోయే చుట్టాలకి కాఫీలు నావి. అన్నయ్య అప్పుడు విజయవాడలో ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగులో ఉన్నాడు. మెడిసిన్ కోసం అది రెండోసారి. నాకు లెక్కల్లో సగం మార్కులు కూడా దాటలేదు. నాన్న మంచివాడే, ఒక్క మాట తిట్టలేదు. "దానికి ఈ మార్కులకి ఎక్కడొస్తుందిలే, ఉమెన్స్ కాలేజీలో బీఎస్సీ చాలు" అన్నాడు. అన్నయ్యకి ర్యాంకు రాకపోతే మూడోసారికి అప్పు చేశారు. నాకు ఒక్కసారికే లెక్క తేలిపోయింది. డిగ్రీ చివరి పరీక్ష రాసిన వేసవిలోనే పెళ్లి. ఆ బీఎస్సీ వల్ల చెడిపోయానని అనను. ఆ కాలేజీ లైబ్రరీ లేకపోతే నేను కథలు చదివేదాన్నీ కాదు, రాసేదాన్నీ కాదు. కానీ, "మార్కులు ఎందుకు తగ్గాయమ్మా?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు ఇంట్లో వాళ్లకే తగిలేది మరి.

మన ఇళ్లలో అబ్బాయికి మార్కులు తగ్గితే లాంగ్ టర్మ్. అమ్మాయికి తగ్గితే లోకల్ డిగ్రీ. ఈ మాట రాస్తుంటే, "ఇప్పుడెక్కడండీ ఆ రోజులు" అని మీరు అనుకోవచ్చు. నిజమే, చాలా మారింది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు అమ్మాయిలు నీట్‌కి రెండోసారి రాశారు. కానీ మా అత్తయ్య నోటి నుంచి, "ఊళ్లోనే డిగ్రీ" అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నేను విన్నాను. ఆవిడ తుంటి ఆపరేషను కోసమే ఆ పిల్ల మార్కులు పోయాయని ఆవిడకీ తెలీదు. పోనీ డిగ్రీకైనా మార్కులు అక్కర్లేదా? తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అని ఆన్‌లైన్లో డిగ్రీ సీట్లిస్తున్నారు. అక్కడ ఎంట్రన్సు ఏమీ లేదు, ఇంటర్ మార్కులే గతి. నిజాం కాలేజీలాంటి చోట మంచి కోర్సు కావాలంటే ఎంపీసీ పిల్లకి వచ్చినట్టే మార్కులు రావాలి. ఢిల్లీ యూనివర్సిటీలో 2021లో కొన్ని కాలేజీల కటాఫ్ నూటికి నూరు దాకా పోయింది. ఆ తర్వాతి ఏడాది నుంచే సీయూఈటీ పరీక్ష పెట్టారు. "ఊళ్లోనే డిగ్రీ" అనేది మార్కులు తగ్గినవాళ్ల కోసం తెరిచి ఉంచిన ధర్మసత్రం కాదు.

మా చిన్నాన్న కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. నా గోడు విని, "అక్కా, ఇక్కడా ఇదే బాధే" అంది. అక్కడ పేరున్న యూనివర్సిటీలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల గ్రేడ్లూ చూస్తాయి. మొదట తక్కువుండి పైకొచ్చినవాడిని ఒకలా, పైనుంచి జారినవాడిని ఇంకోలా చూస్తాయి. సీటు ఖాయమయ్యాక కూడా చివరి ఏడాది గ్రేడ్లు పడిపోతే కారణం రాయమని అడుగుతారు, మరీ దారుణమైతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు. దాని కొడుక్కి పదకొండో తరగతిలో తగ్గాయి. వాళ్లాయన ఉద్యోగం పోయి, ఇల్లు మారిన ఏడాది అది. దరఖాస్తులోనే అదనంగా చెప్పుకోవడానికి కొంత జాగా ఉంటుందట. వాడు ఆ సంగతి నాలుగు ముక్కల్లో రాశాడు. స్కూలు కౌన్సిలరు కూడా తన ఉత్తరంలో రాశారు. సీటొచ్చిందా అంటే, కోరుకున్నది రాలేదు, రెండోది వచ్చింది. ఆ రాసుకున్న నాలుగు ముక్కల వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కానీ చెప్పుకునే జాగా ఉంది.

మన మెమోలో అలాంటి గడి లేదు. లక్షలమంది పిల్లలకి అలా చదివి చూడటం కుదరదని నాకూ తెలుసు. పైరవీలు దూరతాయన్న భయమూ ఉంది. కథలు రాసేదాన్ని, ఆ గడిలో ఎన్ని కట్టుకథలు పడతాయో నాకు చెప్పాలా! బోర్డుకి అక్కర్లేకపోతే పోనివ్వండి. ఇంట్లో అయినా ఆ గడి ఉండొద్దూ?

ఇంప్రూవ్‌మెంటుకి నాలుగు గ్రూపు పేపర్లకీ ఫీజు కట్టాం. కాలేజీవాళ్లు అప్పటికే వేసవి సెలవులు మింగేసి రెండో సంవత్సరం పాఠాలు మొదలెట్టారు. ఒక లెక్చరరు, "ఎందుకమ్మా టైం వేస్టు, తెలంగాణలో వెయిటేజీ లేదుగా" అన్నారు. జేఈఈకి 75 శాతం సంగతి ఆయనకి నేను గుర్తుచేశాను. గుర్తుచెయ్యాల్సి వచ్చిందనేదే విడ్డూరం. మే ఎండల్లో, ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా పక్కింటి పిన్నిగారి ఇన్వర్టరు కింద కూర్చుని చదివింది. నాలుగు పేపర్లలో 55 మార్కులు పెరిగాయి. 342 కాస్తా 397 అయింది.

రెండో ఏడాది కూడా బాగానే రాసింది. 2025 ఏప్రిల్లో మొత్తం 843. గుమ్మం దాటింది. లోపల కుర్చీ మాత్రం దొరకలేదు, జేఈఈ పర్సెంటైల్ ఎన్ఐటీకి చాల్లేదు. కాసేపు ఏడ్చింది, తర్వాత ఇడ్లీ తింది. ఈఏపీసెట్ ర్యాంకుతో వరంగల్లో ఈసీఈ వచ్చింది. సర్టిఫికెట్ల వెరిఫికేషనుకి నేనూ వెళ్లాను. అక్కడాయన మెమో తీసుకుని, పాసయిందో లేదో చూసి, జిరాక్సు ఉంచుకుని, ఒరిజినల్ వెనక్కిచ్చేశాడు. మొదటి ఏడాది ఎన్నొచ్చాయని అడగలేదు. ఏడాదిపాటు మా ఇంట్లో అన్నం సహించనివ్వని అంకె వైపు ఆయన కన్ను కూడా తిప్పలేదు.

మావాడు 2025 జూన్‌లో తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. ఆ నెల్లోనే మా అత్తయ్యకి రెండో తుంటి కూడా నొప్పి అన్నారు. ఆపరేషనేమీ అక్కర్లేదు, పదిహేను రోజులు ఫిజియోథెరపీ చాలన్నారు. హైదరాబాదు బయల్దేరే ముందురోజు, పప్పులో నీళ్లెన్ని పొయ్యాలో, కుక్కర్ ఎన్ని విజిళ్లకి కట్టెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మావారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివి, "ఉప్పు ఎంతో రాయలేదు" అన్నారు.